కుక్కపిల్ల బొచ్చు ఎందుకు మారుతుంది? సహజ మార్పును, వ్యాధి లక్షణాన్ని వేరుచేసి చూడటం ఎలా?

పత్తి ఉండలా ముద్దుగా కనిపించే కుక్కపిల్ల నాలుగైదు నెలలు తిరిగేసరికి గుర్తుపట్టలేనంతగా మారిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ముఖం మీద వెంట్రుకలు పొట్టిగా మారతాయి. ఒంటి మీద బొచ్చు పలచబడుతుంది. కాళ్లు సన్నగా, పొడుగ్గా కనిపిస్తాయి. ఇల్లంతా వెంట్రుకలు రాలుతుంటాయి. కొన్ని జాతుల్లో రంగు సైతం మారిపోతుంది. ఇంటికి తెచ్చిన రోజు తీసిన ఛాయాచిత్రాన్ని పక్కన పెట్టుకుని చూస్తే రెండూ ఒకే జంతువువేనా అన్న సందేహం కలుగుతుంది.

ఈ దశను సరిగా అర్థం చేసుకోకపోవడం వల్ల మూడు రకాల నష్టాలు జరుగుతుంటాయి. సహజంగా వచ్చే మార్పును వ్యాధిగా భావించి కొందరు అనవసరమైన మందులు పూస్తారు. నిజంగా వ్యాధి సోకినప్పుడు అది వయసు మార్పేనని సరిపెట్టుకుని మరికొందరు విలువైన సమయాన్ని పోగొట్టుకుంటారు. ఇక ‘అనుకున్న జాతి కాదు, మోసపోయాం’ అన్న నిర్ణయానికి వచ్చి పెరుగుతున్న కుక్కను వీధిలో వదిలేసేవారూ ఉన్నారు. ఈ మూడింటినీ నివారించాలంటే కుక్కపిల్ల చర్మంలోనూ బొచ్చులోనూ ఏ వయసులో ఏం జరుగుతుందో తెలియాలి.

పుట్టుకతో వచ్చే బొచ్చు వేరు

అప్పుడే పుట్టిన కుక్కపిల్ల ఒంటిపై ఉండేది మెత్తని, పొట్టి బొచ్చు. పెద్ద కుక్క చర్మంలో ఒక్కో రంధ్రం నుంచి ఒక దళసరి వెంట్రుక, దాని చుట్టూ అనేక సన్నని వెంట్రుకలు గుత్తిగా మొలుస్తాయి. దళసరి వెంట్రుకలు పైబొచ్చుగా ఏర్పడి ఎండ, వాన, ముళ్ల నుంచి కాపాడతాయి. సన్నని వెంట్రుకలు అడుగు బొచ్చుగా ఏర్పడి ఒంటి వేడిని నిలుపుతాయి. కుక్కపిల్ల పుట్టేటప్పటికి ఈ గుత్తుల అమరిక పూర్తికాదు. ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో వెంట్రుక మాత్రమే వస్తుంది. గుత్తుల నిర్మాణం పుట్టిన తరవాత నెలల తరబడి సాగుతుంది.

అందువల్లనే పిల్ల బొచ్చు చేతికి మెత్తగా తగిలినా, రక్షణలో పెద్ద కుక్క బొచ్చుకు సాటిరాదు. నీరు పడితే త్వరగా చర్మం దాకా తడుస్తుంది. పుట్టిన తొలి రెండు వారాల్లో కుక్కపిల్ల తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. తల్లి ఒడి, తోడబుట్టిన పిల్లల వెచ్చదనమే దానికి ఆధారం. వర్షాకాలంలో, చలికాలంలో పసి పిల్లలను తల్లి నుంచి వేరు చేస్తే ప్రాణాపాయం కలగడానికి గల కారణాల్లో ఇది ముఖ్యమైనది.

ఏ వయసులో ఏ మార్పు?

సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల వయసులో పిల్ల బొచ్చు రాలడం మొదలవుతుంది. ఏడాది లోపు చాలా జాతుల్లో పెద్ద బొచ్చు వచ్చేస్తుంది. చిన్న జాతుల్లో ఈ మార్పు త్వరగా, పెద్ద జాతుల్లో ఆలస్యంగా జరుగుతుంది. పొడుగు బొచ్చు గల కొన్ని జాతుల్లో పూర్తి రూపం రావడానికి రెండేళ్లు కూడా పట్టవచ్చు. పాత వెంట్రుకలు అన్నీ ఒకేసారి రాలవు. వెన్ను మీద ఒక చారగా కొత్త వెంట్రుకలు ముందు కనిపించి, తరవాత పక్కలకు విస్తరించడం లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ వంటి జాతుల్లో గమనించవచ్చు. కొత్త వెంట్రుకలు పాతవాటికన్నా నిగనిగలాడుతూ, కాస్త గరుకుగా ఉంటాయి.

ఈ మార్పు అందరినీ కలవరపెట్టేది పొమేరియన్, స్పిట్జ్ జాతుల్లో. మన దేశంలో పొమేరియన్ పేరుతో చలామణి అయ్యే కుక్కల్లో అధిక భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో విడుదలైన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ హిందీ చిత్రంలో టఫీగా కనిపించిన తెల్ల కుక్క ఈ జాతిదే. ఈ పిల్లలు ఎనిమిది వారాల వయసులో దూదిపింజల్లా ఉంటాయి. నాలుగు నెలలు దాటాక పిల్ల బొచ్చు రాలిపోయి, పెద్ద బొచ్చు ఇంకా రాక, కొన్ని నెలల పాటు బక్కచిక్కినట్లు కనిపిస్తాయి. మెడ చుట్టూ కేసరాల్లాంటి బొచ్చు, తోక మీద కుచ్చు ఆ తరవాతే ఏర్పడతాయి.

లాసా ఆప్సో, షిట్జు, పూడిల్ వంటి జాతుల్లో సమస్య మరోలా ఉంటుంది. వాటి వెంట్రుకలు ఎక్కువ కాలం పెరుగుతూనే ఉంటాయి కనుక నేల మీద రాలేది తక్కువ. ఊడిన పిల్ల బొచ్చు కొత్త బొచ్చులోనే చిక్కుకుని ఉండిపోతుంది. ఇంచుమించు ఎనిమిది నెలల నుంచి ఏడాది మధ్య కాలంలో ఈ చిక్కులు అట్టలు కట్టి చర్మాన్ని లాగుతాయి. వాటి కింద తేమ నిలిచి పుండ్లు పడే ప్రమాదం ఉంది. ఈ జాతులకు రోజూ దువ్వడం అలంకారం కాదు, ఆరోగ్య అవసరం.

దేశీయ జాతుల్లో మార్పు ఇంత నాటకీయంగా ఉండదు. కర్ణాటకలోని ముధోల్ హౌండ్, తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కన్ని జాతులు వేడి ప్రాంతాలకు తగినట్లు పొట్టి, నున్నని బొచ్చుతో పెరుగుతాయి. ఊరకుక్కల పిల్లలు రెండు నెలల వయసులో బొద్దుగా, నూగుగా కనిపించినా, ఆరు నెలలకు ఆ నూగు పోయి ఒంటికి అంటుకున్నట్లుండే పొట్టి బొచ్చు వస్తుంది. హిమాలయ ప్రాంతపు కాపలా కుక్కలది దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి. మందలను కాచే ఆ జాతులకు దట్టమైన అడుగు బొచ్చు ఏర్పడి, వేసవి ఆరంభంలో కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది.

రంగు ఎలా మారుతుంది?

కుక్కల బొచ్చులోని వన్నెలన్నింటికీ రెండే వర్ణకాలు మూలం. ఒకటి నలుపు, గోధుమ వన్నెలనిచ్చే యూమెలనిన్. రెండోది పసుపు, ఎరుపు ఛాయలనిచ్చే ఫియోమెలనిన్. వర్ణకాన్ని తయారుచేసే కణాలు పిండదశలో వెన్ను భాగంలో పుట్టి, అక్కడి నుంచి ఒళ్లంతా విస్తరిస్తాయి. అవి చేరని చోట, లేదా చేరినా పనిచేయని చోట తెల్లని బొచ్చు వస్తుంది.

ఏ వర్ణకం ఎప్పుడు, ఎంత తయారుకావాలన్నది జన్యువులు నిర్ణయిస్తాయి. ఆ ఆదేశాలు వయసుతో మారడం వల్లనే రంగు మారుతుంది. డాల్మేషియన్ పిల్లలు మచ్చలు లేకుండా తెల్లగా పుడతాయి. రెండు వారాల వయసు ప్రాంతంలో మచ్చలు తొంగిచూడటం మొదలై, నెలల తరబడి స్పష్టమవుతూ వస్తాయి. యార్క్‌షైర్ టెర్రియర్ పిల్లలు నలుపు, గోధుమ వన్నెల్లో పుట్టి, పెరిగేకొద్దీ నల్లని భాగం ఉక్కు రంగుకు తిరుగుతుంది. కెర్రీ బ్లూ టెర్రియర్ పిల్లలు నల్లగా పుట్టి బూడిద వన్నెకు మారతాయి. వయసుతో నల్లని వర్ణకాన్ని క్రమంగా తగ్గించే జన్యువే ఇందుకు కారణం. నలుపు, గోధుమ వన్నెలు కలిసిన జర్మన్ షెపర్డ్‌లో పుట్టినప్పుడు నలుపు పాలు ఎక్కువ. పెరిగేకొద్దీ కాళ్ల మీద, ముఖం మీద గోధుమ భాగం విస్తరిస్తుంది.

అడవి జంతువుల్లోనూ ఇటువంటి మార్పు ఉంది. నల్లమల వంటి అడవుల్లో సంచరించే రేచుకుక్కలు పెద్దయ్యాక ఎర్రని రంగులో కనిపిస్తాయి. వాటి పిల్లలు మాత్రం మసి పూసినట్లు ముదురు వన్నెలో పుడతాయి. తోడేలు పిల్లలు కూడా ముదురు రంగు నూగుతోనే పుట్టి, తరవాత జాతి రంగును పొందుతాయి.

బొచ్చుతో పాటు ముక్కు, కళ్ల రంగులూ మారతాయి. చాలా పిల్లలకు పుట్టినప్పుడు ముక్కు గులాబీ రంగులో ఉండి, కొద్ది వారాల్లో నల్లబడుతుంది. పది నుంచి పద్నాలుగు రోజులకు కళ్లు తెరిచినప్పుడు నీలి ఛాయ కనిపిస్తుంది. అసలు రంగు స్థిరపడటానికి కొన్ని నెలలు పడుతుంది. కనుక నీలి కళ్లున్నాయని చెప్పి నాలుగు వారాల పిల్లకు అధిక ధర అడిగితే ఆ మాటకు విలువ లేదు.

తెలుపు రంగు, వినికిడి

రంగు కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. చర్మానికి వన్నెనిచ్చే కణాల బంధువులే లోపలి చెవిలోనూ ఉంటాయి. శబ్దాన్ని గ్రహించే కణాలు బతకడానికి అవసరమైన వాతావరణాన్ని కాపాడేది అవే. తెల్లమచ్చలకు కారణమైన జన్యువుల ప్రభావంతో ఆ కణాలు చెవికి చేరకపోతే పుట్టిన కొద్ది వారాల్లో వినికిడి పోతుంది. డాల్మేషియన్ జాతిలో పుట్టు చెవుడు కనిపించడానికి కారణం ఇదే. తెల్లని రాజపాళయం జాతిలోనూ ఈ సమస్య ఉన్నట్లు పెంపకందారులకు తెలుసు.

చెవిటి పిల్ల తోడబుట్టిన వాటిని చూసి ప్రవర్తిస్తుంది కనుక గుంపులో ఉన్నప్పుడు లోపం బయటపడదు. దాన్ని విడిగా ఉంచి, వెనుక నుంచి, గాలి తగలకుండా, నేల అదరకుండా శబ్దం చేసి చూడాలి. ఒక చెవి మాత్రమే పనిచేయకపోతే ఈ పద్ధతిలో తెలియదు. దానికి ప్రత్యేక పరికరాలతో పరీక్ష అవసరం.

మూడు జన్యువుల పాత్ర

కుక్కల్లో ఇన్ని రకాల బొచ్చు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు 2009లో స్పష్టమైన సమాధానం లభించింది. అమెరికా జాతీయ మానవ జీనోమ్ పరిశోధన సంస్థకు చెందిన ఎలైన్ ఆస్ట్రాండర్ బృందం 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కలను పరిశీలించి, ఫలితాలను ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. బొచ్చు పొడుగు, వంకీలు, మీసాలు-కనుబొమల కుచ్చులు అనే మూడు లక్షణాలను ప్రధానంగా మూడు జన్యువులే నియంత్రిస్తున్నాయని ఆ బృందం గుర్తించింది. ఈ మూడింటిలోని మార్పులు రకరకాలుగా కలవడం వల్లనే అత్యధిక జాతుల్లో కనిపించే బొచ్చు వైవిధ్యం ఏర్పడింది.

దీని వల్ల తెలిసే ఆచరణాత్మక విషయం ఒకటుంది. పొడుగు బొచ్చు లక్షణం సాధారణంగా తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా సంక్రమిస్తేనే బయటపడుతుంది. అందుచేత పొట్టి బొచ్చు గల తల్లిదండ్రులకు పొడుగు బొచ్చు పిల్ల పుట్టడం సాధ్యమే. అటువంటి పిల్లను చూసి కల్తీ జాతి అని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

పగటి వెలుతురుతో ముడి

వెంట్రుకకు ఒక జీవిత చక్రం ఉంది. కొంతకాలం పెరుగుతుంది, తరవాత ఎదుగుదల ఆగుతుంది, విశ్రాంతి దశలో ఉండి చివరకు రాలి కొత్తదానికి చోటిస్తుంది. ఈ చక్రాన్ని ఉష్ణోగ్రత కన్నా పగటి నిడివి ఎక్కువగా ప్రభావితం చేస్తుంది. శ్రీనగర్‌లో వేసవి పగటికీ శీతకాలపు పగటికీ మధ్య దాదాపు నాలుగున్నర గంటల తేడా ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ. అందుకే కొండ ప్రాంతాల్లోని కుక్కలు ఏడాదిలో నిర్ణీత కాలంలో ఒక్కసారిగా బొచ్చు రాలిస్తే, దక్షిణాదిలో ఏడాది పొడవునా కొద్దికొద్దిగా రాలుతుంది. రాత్రి పొద్దుపోయే దాకా విద్యుద్దీపాల వెలుగులో ఉండే ఇంటి కుక్కల్లో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

వేసవిలో గుండు చేయించవచ్చా?

ఎండలు ముదరగానే హస్కీ, స్పిట్జ్, జర్మన్ షెపర్డ్ వంటి కుక్కలకు చర్మం దాకా బొచ్చు గొరిగించడం నగరాల్లో అలవాటుగా మారింది. రెండు పొరల బొచ్చు గల కుక్కలకు ఇది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. కుక్కలు మనుషుల్లా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడవు. ప్రధానంగా నాలుక చాచి వగర్చడం ద్వారా వేడిని వదిలించుకుంటాయి. పైబొచ్చు నేరుగా తగిలే ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. దాన్ని తీసేస్తే చర్మం కమిలిపోయే అవకాశం ఉంది. దట్టమైన బొచ్చు గల కొన్ని జాతుల్లో గొరిగిన చోట నెలల తరబడి వెంట్రుకలు మొలవకపోవడం కూడా పశువైద్యులకు తెలిసిన సమస్యే. అడుగు బొచ్చులో ఊడినదాన్ని దువ్వెనతో తీసివేసి, నీడ, గాలి, చల్లని నీరు అందుబాటులో ఉంచడం సరైన పద్ధతి. పిల్ల బొచ్చు మారుతున్న దశలో గొరిగిస్తే బొచ్చు బాగా వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. వెంట్రుక పుట్టేది చర్మం లోపల. బయటి కొనను కత్తిరించినంత మాత్రాన లోపలి మూలం బలపడదు.

వ్యాధిని గుర్తించడం ఎలా?

సహజంగా బొచ్చు మారేటప్పుడు చర్మం ఆరోగ్యంగానే ఉంటుంది. ఎరుపు, పొక్కులు, పుండ్లు, దుర్వాసన ఉండవు. కుక్కపిల్ల అదేపనిగా గోక్కోదు. రాలిన చోట దగ్గరగా చూస్తే కొత్త వెంట్రుకలు కనిపిస్తాయి. ఆట, ఆకలి, నిద్ర ఎప్పటిలాగే ఉంటాయి. ఇవి లేనప్పుడు వయసు మార్పు అని సరిపెట్టుకోకూడదు.

కళ్ల చుట్టూ, మూతి పక్కన, ముందు కాళ్ల మీద గుండ్రంగా బొచ్చు ఊడితే డెమొడెక్స్ అనే సూక్ష్మ పురుగు వల్ల వచ్చే గజ్జిని అనుమానించాలి. పుట్టిన తొలి రోజుల్లో పాలు తాగే సమయంలో ఈ పురుగులు తల్లి నుంచి పిల్లకు చేరతాయి. చాలా కుక్కల్లో హాని చేయకుండా ఉండిపోతాయి. రోగనిరోధక శక్తి ఇంకా బలపడని పిల్లల్లో విపరీతంగా పెరిగి బొచ్చును రాలుస్తాయి. ఒకటి రెండు మచ్చలకు పరిమితమైనది చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ఒళ్లంతా పాకితే చికిత్స తప్పనిసరి. ఇది మనుషులకు అంటదు.

సార్కాప్టిస్ అనే మరో పురుగు వల్ల వచ్చే గజ్జిలో భరించలేని దురద ఉంటుంది. చెవి అంచులు, మోచేతులు ముందుగా దెబ్బతింటాయి. ఇది ఇతర కుక్కలకు వేగంగా సోకుతుంది. ఎత్తుకున్న మనుషులకు కూడా తాత్కాలికంగా దురద దద్దుర్లు రావచ్చు. తామర శిలీంధ్రం కూడా కుక్కపిల్లల నుంచి పిల్లలకు అంటుకుంటుంది. కుక్కకు బొచ్చు ఊడుతున్న సమయంలోనే ఇంట్లో ఎవరికైనా గుండ్రటి మచ్చలు కనిపిస్తే ఇద్దరికీ చికిత్స కావాలి.

ఈ మూడూ చూపుకు ఒకేలా కనిపించవచ్చు. చర్మాన్ని సన్నగా గీకి సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తేనో, వెంట్రుకలను పరీక్షకు పంపితేనో తేడా తెలుస్తుంది. పరీక్ష లేకుండా మందుల దుకాణంలో కొన్న స్టెరాయిడ్ లేపనం పూస్తే దురద తగ్గినట్లు అనిపించినా, డెమొడెక్స్ గజ్జి మరింత ముదురుతుంది. పల్లెల్లో, పట్టణాల్లో గజ్జికుక్కలకు వాడిన ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటు ఇంకా ఉంది. ఆ నూనె చర్మాన్ని కాల్చడమే కాక, కుక్క నాకినప్పుడు కడుపులోకి వెళ్లి విషమవుతుంది. ఐవర్‌మెక్టిన్ మందు కోలీ వంటి కొన్ని జాతులకు జన్యు కారణాల వల్ల ప్రాణాంతకం కాగలదు. మోతాదు, మందు రెండూ పశువైద్యులే నిర్ణయించాలి.

నీలి బూడిద వన్నెలో పుట్టే కొన్ని డాబర్‌మన్‌లలో మరో ప్రత్యేక సమస్య కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు బొచ్చు మామూలుగానే ఉండి, ఆరు నెలలు దాటాక ఆ వన్నె ఉన్న భాగాల్లోనే పలచబడుతుంది. ఇది జన్యు సంబంధమైనది. పూర్తిగా నయం కాదు. అరుదైన రంగు అని ఎక్కువ ధర పెట్టి కొనేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇది.

ఆహారం, స్నానం

వెంట్రుక ప్రధానంగా మాంసకృత్తులతో తయారవుతుంది. బొచ్చు మారే నెలలూ శరీరం వేగంగా పెరిగే నెలలూ ఒకటే. ఆ సమయంలో పెరుగన్నం, పాలు-రొట్టెలతోనే నెట్టుకొస్తే ఉన్న మాంసకృత్తులు ఎదుగుదలకే సరిపోక, బొచ్చు పెళుసుగా, కాంతిహీనంగా వస్తుంది. ఉడికించిన గుడ్డు, మాంసం, చేప, లేదా కుక్కపిల్లల కోసం సమతూకంగా తయారైన ఆహారం అవసరం. జింకు, ఆవశ్యక కొవ్వు ఆమ్లాల లోపం కూడా చర్మాన్ని దెబ్బతీస్తుంది. అలాగని పెరిగే వయసులో సొంతంగా పోషక మాత్రలు వేయడం మంచిది కాదు.

కుక్క చర్మం మనిషి చర్మం కన్నా పలచన. దాని ఆమ్ల-క్షార స్వభావమూ వేరు. మనుషుల షాంపూలు, బట్టల సబ్బులు వాడితే చర్మం ఎండిపోయి దురద మొదలవుతుంది. రోజూ స్నానం చేయించనవసరం లేదు. చేయించినప్పుడు అడుగు బొచ్చు దాకా ఆరబెట్టాలి. వర్షాకాలంలో తడి ఆరకపోతే చర్మ వ్యాధులు ముసురుతాయి. దువ్వేటప్పుడు చెవుల వెనుక, చంకల్లో, వేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకాలి. ఇవి రక్తాన్ని పీల్చడమే కాక ప్రాణాంతక జ్వరాలను కూడా మోసుకొస్తాయి. రోజూ కాసేపు దువ్వడం రెండు నెలల వయసు నుంచే అలవాటు చేస్తే, పెద్దయ్యాక కుక్క ప్రతిఘటించదు.

కొనే ముందు, తెచ్చుకునే ముందు

2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను విక్రయించకూడదు. పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఎనిమిది వారాల పిల్ల ఒంటిపై ఉండేది పూర్తిగా పిల్ల బొచ్చే. దాన్ని చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. అందువల్ల పిల్లను కాక తల్లిని, వీలైతే తండ్రిని చూడటం ఉత్తమ మార్గం. తల్లిని చూపించడానికి నిరాకరించే చోట కొనకపోవడమే మంచిది. ఇల్లు, వాతావరణం, దువ్వడానికి దొరికే సమయం లెక్కవేసుకుంటే పొట్టి బొచ్చు గల దేశీయ జాతులు, ఊరకుక్కల పిల్లలు చాలా కుటుంబాలకు సరిపోతాయి. 2020 ఆగస్టులో ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రధానమంత్రి ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై జాతులను ప్రస్తావించి, దేశీయ జాతులను పెంచుకోవాలని కోరారు.

ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం గానీ, ఇతర కుక్కల గుంపుల నుంచి తప్పించుకోవడం గానీ తెలియదు. బొచ్చు పలచబడిన ఆరో నెలలో దాన్ని బయటకు పంపినవారు, మరో ఆరు నెలలు ఓపిక పడితే తాము మొదట కోరుకున్న కుక్కనే చూసేవారు. మార్పు సహజమైనదైతే కావలసింది దువ్వెన, మంచి తిండి, కొంత నిరీక్షణ. సహజం కాదన్న అనుమానం కలిగితే కావలసింది దగ్గరలోని పశువైద్యశాల. ఈ రెండింటిలో ఏది అవసరమో తెలుసుకోవడానికి కుక్కపిల్ల చర్మాన్ని వారానికోసారి వెలుతురులో శ్రద్ధగా పరిశీలించడం తొలి మెట్టు.